ఏట్లో నిలబడే కాలు

ఏట్లోకి దిగిన మనిషిని పడగొట్టేది చాలాసార్లు నీటి ఉరవడి కాదు, రాతి మీది పాచి. ఉరవడి కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. భయమేస్తే ఒడ్డునే ఆగిపోవచ్చు. పాచి సంగతి కాలు పెట్టేదాకా తెలియదు. గోదావరి రేవులో నీటి అంచున ఉండే ఆఖరి మెట్టు మీద ఒక్కసారి జారినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

నేను గాలం వేసేది మాడిసన్ నదిలో. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఫైర్‌హోల్, గిబ్బన్ అనే రెండు ఏర్లు కలిస్తే పుట్టిన నది ఇది. అక్కణ్ణించి మోంటానాలోకి పారి, త్రీ ఫోర్క్స్ దగ్గర జెఫర్సన్, గాలటిన్ నదులతో కలిసి మిస్సోరి అవుతుంది. 1959 ఆగస్టులో భూకంపం వచ్చి కొండచరియ విరిగి నదికి అడ్డంగా పడితే అక్కడ క్వేక్ లేక్ ఏర్పడింది. ఆ సరస్సు దాటాక ఎన్నిస్ ఊరిదాకా నదికి నిలకడ లేదు. మోకాలిలోతు, తొడలోతు నీళ్ళు, అడుగున గుండ్రటి రాళ్ళు, వాటి నిండా గోధుమరంగు పాచి. ట్రౌట్ చేపలు ఆ రాళ్ళ చాటున, నీటి తాకిడి తగ్గిన చోట ఆగి ఉంటాయి. గాలం అక్కడిదాకా చేరాలంటే మనమూ ఆ రాళ్ళ మీదే నిలబడాలి.

మా మావయ్య ఒక వేసవిలో ఇక్కడికి వచ్చాడు. గోదావరి గౌతమి పాయలో మొలలోతున నిలబడి విసురువల వేస్తూ పెరిగిన మనిషి. నేను నీళ్ళు లోపలికి రానివ్వని నీటి ప్యాంటు తొడుక్కుని, దాని మీద బూట్ల తాళ్ళు బిగిస్తుంటే చూసి, “ఏరా అబ్బాయ్, చేపల కోసం కాళ్ళకి ఇంత హంగామా ఏంట్రా?” అన్నాడు. చెప్పులు విడిచి నీళ్ళలో కాలు పెట్టాడు. మంచు కరిగిన చలి ఇంకా వదలని నీళ్ళవి. కాసేపు నిలబడి ఒడ్డెక్కి, పాదం రుద్దుకుంటూ, “మన ఏట్లో కాలివేళ్ళే అన్నీ చెబుతాయిరా. ఇక్కడ అవి మొద్దుబారిపోయాక ఏది రాయో ఏది మట్టో ఎలా తెలుస్తుంది?” అన్నాడు. బూటు అవసరం గురించి అంత సూటిగా చెప్పినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. చన్నీటి నదిలో పాదానికి స్పర్శ పోతుంది. అప్పుడు రాతిని పట్టుకునే పని బూటు అడుగుదే.

ఆ అడుగు చాలాకాలం ఫెల్ట్‌తో చేసేవారు. పోగులను నొక్కి దిట్టంగా తయారుచేసిన మందపాటి బట్ట అది. తడిస్తే మెత్తబడి రాతి ఎగుడుదిగుళ్ళకు తగ్గట్టు ఒదుగుతుంది, పాచి పొరను దాటి కింది గరుకును అందుకుంటుంది. జపాన్ ఏళ్ళలో ఆయు చేప పట్టేవాళ్ళు వెనకటికి గడ్డితో అల్లిన వరాజి చెప్పులు కట్టుకునేవారు. తరవాత వాళ్ళ పాదరక్షలకూ ఫెల్ట్ అడుగులొచ్చాయి. ఆ గడ్డి చేసిన పనే ఈ పోగులూ చేస్తాయి. ఫెల్ట్‌కు లోపాలు లేకపోలేదు. తడిసిన గట్టు ఎక్కేటప్పుడు బురద మీద జారుతుంది, మంచులో నడిస్తే అడుగున గడ్డలు కడుతుంది, త్వరగా అరిగిపోతుంది. కానీ పాచి పట్టిన గుండ్రాయి మీద దానికి సాటి వచ్చే ఉత్త రబ్బరును నేను తొడగలేదు.

అయితే ఆ పోగుల మధ్యకు నీళ్ళతోపాటు నీటిలోని జీవాలూ చేరతాయి. ఫెల్ట్ ఆరడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఆ బూటు ఇంకో నదిలో దిగుతుంది.

2004లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని లోయర్ వాయావు నదిలో డిడిమో అనే నాచు బయటపడింది. అది కంటికి ఆనని ఏకకణ జీవే, కానీ పెరిగి పెరిగి నది అడుగునంతా మురికి ఉన్నిలా కప్పేస్తుంది. ఉత్తరార్ధగోళపు చల్లని ఏళ్ళ నుంచి అంత దూరం దానంతటది ఈదుకుంటూ పోలేదు. ఇటు నుంచి అటు అది వెళితే, అటు నుంచి ఇటు ఒక నత్త వచ్చింది. న్యూజిలాండ్ బురద నత్త అమెరికా పశ్చిమాన మొదట స్నేక్ నదిలో 1987లో కనబడింది, 1994కల్లా మాడిసన్‌కు చేరింది. బియ్యపు గింజంత ఉంటుంది. ఇక్కడివన్నీ దాదాపు ఆడవే, మగ నత్త అవసరం లేకుండానే పిల్లల్ని పెడతాయి. అంటే బూటు సందులో ఇరుక్కున్న ఒక్క నత్త చాలు, కొత్త ఏట్లో సంతతి మొదలుకావడానికి. తడి ఉంటే నీటి బయట రోజుల తరబడి బతుకుతుంది. ట్రౌట్ మింగినా చాలాసార్లు ప్రాణాలతోనే బయటపడుతుంది. డెల్టా కాలవల్లో గుర్రపు డెక్క చూసి పెరిగినవాళ్ళకి ఈ వరస కొత్త కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ ఊదాపూల మొక్కను తీసేకొద్దీ కాలవ మళ్ళీ మూసుకుపోవడం ఏటా చూస్తున్నదే.

న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ అడుగుల్ని నిషేధించింది. అమెరికాలో 2011లో మేరీలాండ్, వెర్మాంట్, 2012లో అలాస్కా అదే దారి పట్టాయి. ఎల్లోస్టోన్ పార్కు 2018లో వద్దంది. మోంటానా రాష్ట్రం మాత్రం అలాంటి నిషేధం పెట్టలేదు. అందువల్ల ఒకే మాడిసన్‌లో పార్కు సరిహద్దుకు ఎగువన చెల్లని బూటు దిగువన చెల్లుతుంది. నీళ్ళకూ నత్తలకూ ఆ సరిహద్దు తెలియదు.

వెర్మాంట్ 2016లో తన నిషేధాన్ని ఎత్తేసింది. డిడిమో ఉత్తర అమెరికా ఏళ్ళలో ముందునుంచీ ఉన్నదేననీ, నీటిలో భాస్వరం బాగా తగ్గినప్పుడు అది విజృంభిస్తుందనీ శాస్త్రజ్ఞులు చెప్పిన తరవాత జరిగిందది. ఫెల్ట్ అభిమానులు దీన్ని తమ గెలుపుగా చెప్పుకుంటారు. డిడిమో విషయంలో, అదీ ఈ ఖండం మట్టుకు, వాళ్ళ మాటలో నిజముంది. నత్త విషయంలో లేదు. అది ఇక్కడిది కాదు, మనుషులు మోసుకొస్తే వచ్చింది. రబ్బరు బూటుకు మారినంత మాత్రాన మనం శుభ్రమైపోమన్నది కూడా అంతే నిజం. తాళ్ళలో, నాలిక వెనక, లోపలి మెత్తలో నీరూ ఇసకా నిలుస్తాయి. కానీ వీటిని బ్రష్షుతో రుద్ది కడగవచ్చు. ఫెల్ట్ లోతుల్లోకి బ్రష్షు వెళ్ళదు. నేను ఫెల్ట్‌ను వదిలేసింది అందుకే.

మరి పాచి మాటేమిటి? రబ్బరు అడుక్కి టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు బిగించడమే నాకు తెలిసిన మంచి ఉపాయం. ఆ గట్టి మొనలు పాచిని గీరుకుంటూ రాతిని పట్టుకుంటాయి. మడమ అంచునా, బొటనవేలి కిందా అవి తప్పక ఉండాలి, పక్కకు జారేటప్పుడు బరువంతా అక్కడే పడుతుంది. కొందరు అల్యూమినియం పట్టీలు వేయించుకుంటారు. మెత్తటి లోహం కాబట్టి రాతి గరుకుకు తనే అరుగుతూ అతుక్కుంటుంది, పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ తరచూ మార్చుకోవాలి. లోహపు అడుగుతో రెండు ఇబ్బందులున్నాయి. రాళ్ళ మీద చప్పుడవుతుంది, చేప దగ్గరికి మెల్లగా వెళ్ళాలి. పడవల వాళ్ళు చాలామంది మేకుల బూట్లతో ఎక్కనివ్వరు, అది వాళ్ళ హక్కు. ఇసకా చిన్న గులకా ఉండే ఏళ్ళకు మేకులు అక్కర్లేదు, ఉత్త రబ్బరు చాలు. అందుకే షాపులో తివాచీ మీద నడిచి చూసే ముందు, మనం దిగబోయే ఏటి అడుగు ఎలాంటిదో తెలుసుకోవాలి.

సైజు దగ్గర మొహమాటం వద్దు. నీటి ప్యాంటు అడుగున మందపాటి నియోప్రీన్ మేజోడు ఉంటుంది, దాని లోపల ఉన్ని మేజోడు. రెండూ తొడుక్కునే బూటు వేసి చూడాలి, చాలాసార్లు మామూలు కంటే ఒక సైజు పెద్దదే పడుతుంది. లోపల వేళ్ళు ఆడాలి. బిగుతు బూటులో రక్తం సరిగా ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. పైభాగం తోలుది కాకుండా నీరు పీల్చని సింథటిక్‌ది అయితే త్వరగా ఆరుతుంది. చీలమండకు గట్టి ఆసరా ఉండాలి.

ఎంత మంచి బూటైనా నడక తెలియకపోతే దండగ. ప్రవాహానికి పక్కవాటుగా నిలబడాలి. చీకటి గదిలో గోడ తడుముకున్నట్టు కాలితో అడుగును తడుముకుంటూ జరపాలి, ఎత్తి వేయకూడదు. ఒక కాలు కుదురుకున్నాకే రెండోది కదలాలి. నీటి ప్యాంటు నడుము బెల్టు బిగించే ఉంచాలి. పడిపోతే వెల్లకిలా తేలుతూ, కాళ్ళు దిగువకు పెట్టి, నీరు నెమ్మదించేదాకా ఆగాలి. వడిలో లేచి నిలబడబోతే రాళ్ళ సందున పాదం ఇరుక్కుంటుంది, తలను నీరు వంచేస్తుంది. ప్రాణాలు పోయేది అలాగే.

ఒడ్డెక్కాక ఇంకో పని మిగులుతుంది. న్యూజిలాండ్‌వాళ్ళు డిడిమో కోసం నేర్పిన పద్ధతి నాకు నచ్చింది. అంటుకున్న చెత్తంతా అక్కడే తీసేయడం, నూటికి అయిదు పాళ్ళు గిన్నెలు తోమే సబ్బుద్రవం కలిపిన నీళ్ళతో నానేలా కడగడం, లోపలా బయటా చేతికి తడి తగలనంతగా ఆరాక మరో 48 గంటలు ఆగడం. ఆ సబ్బు డిడిమోకే, నత్త దానికి లొంగదు. నత్త కోసం నేను బూట్లను సంచిలో కట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెడతాను. ఇంట్లోవాళ్ళు మొదట్లో గొడవ చేశారు, ఇప్పుడు కింది అర బూట్లకే వదిలేశారు. శనివారం ఒక నదిలో, ఆదివారం ఇంకో నదిలో గాలం వేయాలనుకునేవాళ్ళు రెండు జతలు ఉంచుకోవడం మేలు.