4 ఎంబీ దగ్గర ఆగినప్పుడు

ఒక ప్రోగ్రామ్ నెట్‌వర్క్ మీదుగా మరో ప్రోగ్రామ్‌లోని ఫంక్షన్‌ను పిలిచే జీఆర్‌పీసీతో రోజూ పనిచేసేవాళ్లకు 4194304 అనే అంకె నోటికి వచ్చేస్తుంది. మెసేజ్ అన్ని బైట్లు, అంటే 4 ఎంబీ దాటిందా, డిఫాల్ట్‌గా అవతలి ప్రోగ్రామ్ దాన్ని తీసుకోదు. లాగ్‌లో 'రిసోర్స్ ఎగ్జాస్టెడ్' అని, పక్కనే ఆ అంకె. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు వెంటనే అడుగుతారు: "అన్నా, లిమిట్ పెంచేద్దామా?"

పెంచితే మెసేజ్‌లో పెట్టిన పెద్ద ఫైల్ వెళ్తుంది, నిజమే. కానీ మామూలు కాల్‌లో మెసేజ్ మొత్తం మెమరీలోకి రావాల్సిందే. 500 ఎంబీ ఫైల్‌ను పదిమంది ఒకేసారి పంపితే 5 జీబీ అక్కడికక్కడే పోతుంది. చివర్లో నెట్ తెగితే కథ మళ్లీ మొదటికే. ఒకే వైపు పెద్ద డేటా పంపాలంటే వేరే ప్రోటోకాల్స్‌దే పైచేయి అని ఆర్‌పీసీ (రిమోట్ ప్రొసీజర్ కాల్) మీద 1984లో పేపర్ రాసిన బిరెల్, నెల్సన్ అప్పుడే ఒప్పుకున్నారు.

మరి ఆర్‌పీసీ మీదే నడిచే, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ వాటిని ఎలా మోసింది? నాకు కళ్లు తెరిపించింది ఈ ప్రశ్నే. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల ఆ పాత ప్రోటోకాల్ రెండో వెర్షన్‌లో ఒక్క రీడ్ కాల్‌కు గరిష్ఠంగా 8192 బైట్లే. క్లయింట్ ప్రతిసారీ ఏ ఫైల్, ఎక్కడి నుంచి, ఎన్ని బైట్లు అని మూడూ చెప్పి అడుగుతుంది. ఎవరు ఎంతవరకు చదివారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. అందుకే అది పడిపోయి లేచినా నష్టం లేదు, క్లయింట్ అదే ముక్కను మళ్లీ అడుగుతుంది. ఎంత చక్కటి ఆలోచన! ముక్క చిన్నది కావడం ఒక్కటే కాదు, తన చోటు తానే చెప్పుకోవడం అందులోని బలం.

జీఆర్‌పీసీలో స్ట్రీమింగ్ ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. 64 కేబీ ముక్కలుగా పంపితే మెమరీ నిలకడగా ఉంటుంది, అందుకునేవాడు నెమ్మదిస్తే కింద హెచ్‌టీటీపీ/2 పంపేవాడిని ఆపుతుంది. కానీ స్ట్రీమ్ తెగితే అవతలివైపు ఎన్ని బైట్లు డిస్క్‌కు చేరాయో అది చెప్పదు. ముక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్, చివర్లో చెక్‌సమ్ మనమే పెట్టుకోవాలి. మరీ పెద్ద ఫైలైతే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెట్టి, కాల్‌లో లింక్ మాత్రం పంపడమే నా దృష్టిలో సరైన దారి.

కాబట్టి ఆ అంకెను మార్చబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఒకటే. సగంలో తెగితే ఏ బైట్ నుంచి అందుకుంటారో ముందు తేల్చుకోండి. అది తేలకపోతే లిమిట్ జోలికి పోకుండా, మెసేజ్‌లో ఏమేం ఉండాలో రాసే ప్రోటో ఫైల్‌లో ఆఫ్‌సెట్ ఫీల్డ్ చేర్చండి.