కదలు బొమ్మలకు పనిముట్టు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యీయవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, తెలుగు బోధించువారము గనుక ఏ ప్రబంధమును గూర్చియో వ్రాయుదుమని వారు తలచి యుందురు. కాని ఈ రెండేండ్లుగా మా గదిగుమ్మము కడకు వచ్చి పిల్లలడుగు ప్రశ్నలలో ప్రబంధములను గూర్చినవి మిక్కిలి తక్కువ. కంప్యూటరులో మనిషిబొమ్మనో జంతువుబొమ్మనో చేసి దానిని నడిపించుట నేర్చుకొనవలెనన్న మొదట ఏ సాఫ్ట్‌వేరు పట్టవలెను? ఇదే వారి ప్రశ్న. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదివిననాడు మాకు నేర్పినది నల్లబల్లపై పంక్తి వంకర పోకుండ వ్రాయుట, పటము వ్రేలాడదీయుట, పాఠప్రణాళిక సిద్ధపఱచుకొనుట. కదలు బొమ్మల మాట అక్కడ మేము వినలేదు. అందుచేత ఈ ప్రశ్నకు మేము చెప్పిన మొదటి సమాధానము తప్పయినది. ఆ తప్పును, దానిని దిద్దుకొన్న విధమును వ్రాసినయెడల, ఇదే ప్రశ్న మనసున నున్న విద్యార్థులకును వారి తలిదండ్రులకును కొంత పనికివచ్చునని తోచినది.

కొండకర్ల ఆవ నెఱుగని విద్యార్థి మా పాఠశాలలో లేడు. ఆంధ్రప్రదేశములో కొల్లేటి తరువాత పెద్దదైన మంచినీటి సరస్సు అదియే. రెండు తాటిమ్రాకులను తొలిచి జంటగా కట్టిన దోనెలపై అక్కడివారు తామరల నడుమ సంచరింతురు. అట్టి దోనె నడుపు నొకరి కుమారుడు తొమ్మిదవ తరగతిలో మా కడ చదువుచున్నాడు. వాడు ‘ఈగ’ చిత్రమును తండ్రి ఫోనులో ఎన్ని మారులు చూచెనో వానికే తెలియదు. రాజమౌళిగారి దర్శకత్వమున 2012వ సంవత్సరమున వచ్చిన ఆ చిత్రములో ఈగను హైదరాబాదులోని మకుట సంస్థవారు కంప్యూటరులో రూపొందించిరి. ఆ సంవత్సరపు జాతీయ పురస్కారములలో ఉత్తమ తెలుగు చిత్రముగను, స్పెషల్ ఎఫెక్టులకును దానికి బహుమానములు లభించినవి. ఒకనాడు వాడు మా కడకు వచ్చి, “మాష్టారూ, ఈగ మాటలాడదు, నవ్వదు. దానికి కోపము వచ్చినదని మనకెట్లు తెలియుచున్నది?” అని యడిగెను. ఇరువదేండ్ల ఉద్యోగములో మమ్ము ఇంత చక్కని ప్రశ్న అడిగినవారు కొద్దిమందియే.

అప్పుడు మేము ఆలోచించిన తీరిది: సినిమాలవారు దేనిని వాడుదురో దానినే మొదటినుండి పట్టుట మేలు గదా. విచారింపగా పెద్ద స్టూడియోలలో మాయా అను సాఫ్ట్‌వేరు పేరు ఎక్కువగా వినవచ్చినది. మన మాయ అను మాటనుబట్టియే దానికా పేరు పెట్టిరట. పట్టణములోని ఒక దుకాణమునకు పోయి వెల యడిగితిమి. దుకాణదారుడు నవ్వి, “కొనుటెందుకండీ, పెన్‌డ్రైవులో వేసి యిచ్చెదను” అని చెప్పి, తాళము విఱిచిన ప్రతిని మా చేతిలో పెట్టెను. ఆదివారపు బడిలో పది ఆజ్ఞలు వల్లె వేయించు మేము, ఎనిమిదవ ఆజ్ఞను ఆ నిమిషమున మఱచితిమి. లేదు, మఱవలేదు, పిల్లవాని మేలుకొఱకే గదా యని సర్దుకొంటిమి.

దానిని పాఠశాల కంప్యూటరులో నెక్కించిన నాలుగవనాడు ఆ యంత్రము మొరాయించినది. అందులోనున్న అర్ధవార్షిక పరీక్షల మార్కుల పట్టీలు పోయినవి. మూడు రాత్రులు కూర్చుండి జవాబుపత్రముల కట్టలు విప్పి మరల వ్రాసికొంటిమి. ప్రధానోపాధ్యాయులకు నిజము చెప్పుట కష్టమే యయ్యెను గాని, అంతకంటె కష్టమైనది మఱియొకటి. కట్టలు మోయుటకు సాయము వచ్చిన ఆ బాలుడు, “అది డబ్బిచ్చి కొన్నది కాదా, మాష్టారూ?” అని యడిగెను. కాదని చెప్పితిమి. వాడు తల వంచుకొని కట్టలు సర్దసాగెను.

తరువాతనే మేము ఈ సంగతిని సరిగా చదువ నారంభించితిమి. మాయాను ఆటోడెస్క్ సంస్థవారు విద్యార్థులకును ఉపాధ్యాయులకును ఉచితముగనే యిత్తురు. దొంగప్రతి యక్కఱయే లేకుండెను. ఈ మాట తెలిసినప్పుడు మా సిగ్గు రెట్టింపయినది. అయితే ఆ యనుమతి ఒక్క సంవత్సరమునకే. ఏటేట మరల అర్హత చూపి పొందవలెను. చదువు ముగించిన పిమ్మట చందా కట్టవలెను, ఆ చందా మా యూరి కుటుంబమునకు మోయరాని బరువు. అదిగాక యజమాని తలుపు మూసినచో వాడుకరికి దిక్కు లేదు. 1993లో వచ్చిన ‘జురాసిక్ పార్క్’ చిత్రమున రాక్షసబల్లులను కదలించుటకు సాఫ్టిమేజ్ అను సాఫ్ట్‌వేరును వాడిరి. తరువాత అది ఆటోడెస్క్‌వారి చేతికి వచ్చినది. ఇక క్రొత్త కూర్పులుండవని వారు 2014లో ప్రకటించిరి. దానిపై చేయి తిరిగినవారందఱు మఱియొకటి వెదకుకొనవలసి వచ్చెను.

బ్లెండరు కథ దీనికి తలక్రిందులైనది. నెదర్లాండ్సు దేశములో టాన్ రూసెండాల్ అను నాయన 1994లో తన స్టూడియో పనికొఱకు దానిని మొదలుపెట్టెను. పిమ్మట దానిని నడిపిన వ్యాపారసంస్థ 2002లో మూతపడగా, వాడుకరులే ఏడు వారములలో లక్ష యూరోలు పోగుచేసి దానిని విడిపించిరి. ఆ యేడు అక్టోబరు 13వ తేదీనుండి అది అందఱి సొత్తు. ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును, పొరుగువానికి పంచవచ్చును, దానితో సంపాదించుకొనవచ్చును. చందా పోగుచేసి బావి త్రవ్వించుకొన్న యూరివలె నుండెనని మాకు తోచి, ఆనాడే నిర్ణయించుకొంటిమి.

నిర్ణయించుకొన్నంత మాత్రమున పని జరుగలేదు. మా పాఠశాలలో ఆరు కంప్యూటర్లలో నాలుగు మాత్రమే పనిచేయును, అవియు పాతవి. బ్లెండరు క్రొత్త కూర్పు వానిలో తెఱుచుకొననే లేదు. 2019లో వచ్చిన 2.80 కూర్పునుండి అది యంత్రమున ఎక్కువ చిత్రశక్తిని కోరునని తెలిసికొని, అంతకుముందరి 2.79ని తెచ్చితిమి. పాత కూర్పులన్నిటిని వారు తమ స్థలమున భద్రముగా నుంచినారు. వింతయేమనగా దానిని ప్రత్యేకముగా నెక్కింపనక్కఱలేదు; పెన్‌డ్రైవులో నుంచియే నడుపవచ్చును. అదే పెన్‌డ్రైవు, ఈసారి నిర్మలమైన మనస్సాక్షితో!

కాని పాత కూర్పులో నొక చిక్కు గలదు. యూట్యూబులోని పాఠములు చాలవఱకు క్రొత్త కూర్పునకు చెప్పినవి. అందులో వస్తువును ఎన్నుకొనుటకు మౌసు ఎడమమీట నొక్కవలెను; 2.79లో కుడిమీట. ఈ ఒక్క భేదము తెలియక మేమును నలుగురు పిల్లలును ఒక శనివారమంతయు వ్యర్థపుచ్చితిమి. కావున క్రొత్తగా మొదలుపెట్టువారికి మేము చెప్పునది: మొదట మీ యంత్రము దేనిని మోయగలదో చూడుడు, ఆ కూర్పునకు చెప్పిన పాఠములనే వెదకుడు. ఏ సాఫ్ట్‌వేరు గొప్పదను వాదము తరువాత చేసికొనవచ్చును.

పిల్లలు మొదటిదినముననే బాహుబలిని చేయవలెనని కూర్చుండిరి. మనుష్యముఖము అన్నిటికంటె కఠినము. మూతి ఒక్క వెండ్రుకంత తప్పినను చూచువారు కనిపెట్టుదురు. అందుచేత మేము వారిని ఏటికొప్పాకకు మళ్లించితిమి. మన జిల్లాలోనే వరాహనది యొడ్డున నున్న ఆ గ్రామపు లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడి పనివాడు అంకుడుకఱ్ఱను తిరుగుడుయంత్రముపై త్రిప్పుచు ఉలి యానించును. బొమ్మ గుండ్రముగా తేలును. బ్లెండరులోను అట్లే, బొమ్మ యొక్క ఒక ప్రక్క అంచును మాత్రము గీచి, స్క్రూ అను సాధనముతో ఇరుసుచుట్టు త్రిప్పిన, నిండుబొమ్మ వచ్చును. తాము ఇంట ఆడుకొన్న లక్కబొమ్మ తెరమీద లేచినిలుచుట చూచి పిల్లలు వేసిన కేకలకు ప్రక్క తరగతివారు పరుగెత్తి వచ్చిరి. జి యన్న జరుపుట, ఆర్ యన్న త్రిప్పుట, ఎస్ యన్న పెంచుట తగ్గించుట, ఈ యన్న లోపలినుండి క్రొత్తభాగమును బయటికి లాగుట. ఈ నాలుగు మీటలను వారు ఎక్కములవలె నేర్చుకొనిరి.

బొమ్మ నిలిచిన తరువాత దానిలో ఎముకలు పెట్టవలెను. దీనికి తోలుబొమ్మలే మాకు పాఠపుస్తకములైనవి. తోలుబొమ్మకు చేయి వేఱు, మోచేయి వేఱు. వానిని దారముతో కుట్టి, కఱ్ఱపుల్లతో ఆడింతురు. కంప్యూటరు బొమ్మకును కీలుకీలునకు ఒక ఎముక. ఏ యెముక కదలిన ఎంత చర్మము వెంట పోవలెనో రంగుపూసి నిర్ణయింపవలెను. తప్పుగా పూసినచో చేయి యెత్తగా చెవి సాగును. మా పిల్లలు ఈ దశలో నవ్విన నవ్వులు ఇన్నియన్ని కావు.

కదలిక విషయము వచ్చునప్పటికి సాఫ్ట్‌వేరు పేరు మఱుగునపడినది. సినిమాలో ఒక సెకనునకు ఇరువదినాలుగు చిత్రములు. ముఖ్యమైన నిలుకడలను మనము పెట్టిన, నడిమివాటిని యంత్రము పూరించును. కాని ఏది ముఖ్యమో యంత్రమునకు తెలియదు. డిస్నీ సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అను వారిరువురు 1981లో ప్రకటించిన గ్రంథమున దీనికి పండ్రెండు సూత్రములు చెప్పిరి. అందులో నొకటి: ప్రతి కదలికకు ముందు దానికి వ్యతిరేకముగా నొక చిన్న సన్నాహముండును. ఎగురబోవు పక్షి మొదట కుంగును. ఈగ కోపము మనకెట్లు తెలియునన్న ప్రశ్నకు సమాధానము కొంత యిక్కడ నున్నది. అది దూకుటకు ముందు ఆగిన ఆ ఆగుటలో.

పక్షి యనగానే ఆ బాలునికి వేఱు పుస్తకము కావలసి రాలేదు. తామరాకులపై నడచు పొడుగువ్రేళ్ల పక్షిని చేసెదనని పట్టుబట్టినాడు. ఒక ఉదయము వాని తండ్రి దోనెలో మమ్ము తీసికొనిపోయి చూపినాడు. అది కాలెత్తునప్పుడు వ్రేళ్లన్నియు కట్టెలవలె దగ్గఱకు చేరును. దించునప్పుడు గొడుగువలె విప్పుకొనును. ఆకు కొంచెము నీటిలోనికి దిగి, మరల లేచును. తల మాత్రము ఒక క్షణము వెనుకబడి, ముందునకు దూకి, అక్కడ నిలిచిపోవును. ఇన్నేండ్లు ఆవగట్టున తిరిగియు మేము దీనిని చూడలేదు. వాడు తెడ్డుమీద వ్రేలితో తట్టుచు అడుగునకెంత కాలమో లెక్కపెట్టినాడు.

ఆ దినముననే తండ్రి మమ్ము ప్రక్కకు పిలిచి, “మేష్టారూ, పట్నంలో ఈ బొమ్మల కోర్సుకి శానా డబ్బు అవుద్దంట. గేదెను అమ్మీమంటారా? మీరు ఊఁ అంటే అమ్మెత్తాను” అనెను. ఆ గేదె పాలే వారి యింటి నిత్యపు ఖర్చు. పెన్‌డ్రైవు సంగతి మాకు మనసులో మెదిలినది. మా సమాధానము మరల తప్పయినచో ఈసారి పోవునది మార్కుల పట్టీ కాదు. “గేదెను ఉంచుకొండి. ఒక్క యేడు వీడు మా గదిలో ఉచితమైనదానితోనే పనిచేయనీయుడు. పక్షి నడక, మనిషి నడక, ఒక చిన్న కథ, ఈ మూడును చేసి చూపినచో అప్పుడు కోర్సు మాట మాటలాడుదము” అంటిమి. ఉద్యోగము వచ్చునని మేము మాట ఈయలేదు. ఉద్యోగమిచ్చువారు మాయా వచ్చునా యని యడుగవచ్చునని కూడ దాపకుండ చెప్పితిమి. అయినను నడక తెలిసినవానికి మఱియొక సాఫ్ట్‌వేరు మీటలు నేర్చుటకు కొన్ని నెలలు చాలును. మీటలు మాత్రమే తెలిసినవానికి నడక అట్లు రాదు.

ఆయనకు ధైర్యము కలుగుటకు మఱియొక సంగతియు చెప్పితిమి. లాట్వియా యను చిన్నదేశమున గింట్స్ జిల్బలోడిస్ అను యువకుడు, బ్లెండరుతోనే ‘ఫ్లో’ యను చిత్రమును చేసెను. 2025 మార్చిలో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కారు బహుమానము వచ్చినది. అందులో ఒక్క మాట లేదు. వరదలో ఒక పిల్లియు మఱికొన్ని జంతువులును, ఒక పెద్దపక్షియు ఒకే పడవలో పోవుట కథ. “పడవలోనా?” అని తండ్రికంటె ముందు కొడుకు అడిగినాడు.

ఇది వ్రాయునాటికి ఆ పక్షి నాలుగు సెకనులు, అనగా తొంబదియాఱు చిత్రములు నడచుచున్నది. ముక్కు బాగున్నది, తల ఆగుట చాల బాగున్నది. అఱువదియవ చిత్రమువద్ద మాత్రము ఎడమకాలు ఆకును చీల్చుకొని లోపలికి దిగిపోవుచున్నది. ఆకు దానితో కూడ దిగుట లేదు. మూడు శనివారములుగా వాడు దానిని దిద్దుచున్నాడు. నిన్న కంప్యూటరు ఆర్పివేసి, ఆకు బరువును ఎట్లు మోయునో సరిగా చూడలేదనియు, వచ్చు శనివారము తెల్లవాఱకముందే దోనె సిద్ధముగా నుండుననియు, మమ్మును రమ్మనియు చెప్పి పోయినాడు.