మీటరు తిరిగింది

మా ఏజెన్సీ ఊళ్లలో ఎండాకాలం పాత జీపే సంత బండి, అదే అంబులెన్సు. వానలు పడితే డోలీయే. మట్టిదారి కుదుపులకు జీపు మీటరు కేబులు తెగుతుంది. ముందు ముల్లు వణుకుతుంది, తర్వాత సున్నా మీద పడుకుంటుంది. బండి నడుస్తుంది కదా అని ఎవరూ పట్టించుకోరు.

మేము పట్టించుకోవాల్సి వచ్చింది. రోడ్డు కోసం అర్జీ పెడితే, తారు రోడ్డు మీ ఊరికి 6 కిలోమీటర్లే అని కాగితం చూపించారు. డోలీ మోసిన మా భుజాలు ఆ మాట ఒప్పుకోలేదు.

గేరుబాక్సు దగ్గర, డయలు వెనక నట్లు విప్పి పాత కేబులు తీశాం. లోపలి తీగ తెగి ఉంది. అంతే పొడవున్న కొత్తదానికి పలుచగా గ్రీజు రాసి, ఎక్కడా మడత పడకుండా, సైలెన్సరు గొట్టానికి తగలకుండా బిగించాం. తీగ చదరపు కొన గాడిలో కూర్చుంటేనే మీటరు తిరుగుతుంది.

ముందు తారు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లతో అంకెలు సరిచూశాం. తర్వాత ఊరి దాకా కొలిచాం. 11 వచ్చింది. ఆ అంకె రాసి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టి మళ్లీ అర్జీ ఇచ్చాం.

దూరాల లెక్కలు చెప్పే మాస్టార్లు పిల్లల చేత ముందు తమ ఊరి దారి కొలిపించాలి.