బాపు పట్టా మీది పేరు

పోయిన వారం ఊరికెళ్లినప్పుడు బాపు ఇనుప పెట్టెలోంచి రెండు కాగితాలు తీశాను. ఒకటి 1989 నాటి అడ్మిషన్ కార్డు. దాని మీద 'ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం' అని ఉంది. రెండోది డిగ్రీ పట్టా. దాని మీద 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం'. చదివిన మనిషి ఒకడే, చదువు ఒకటే. మధ్యలో 1991లో పేరు మారింది.

ఇంటర్ గడప తొక్కని బాపు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరాడు. 1982లో మొదలైన ఆ యూనివర్సిటీ మనలాంటి వాళ్లకు తెరిచిన తలుపు అది. పగలు అటెండర్ పని, ఆదివారం క్లాసులు. పట్టా పట్టుకొని ప్రమోషన్ అడిగితే ఆఫీసులో గుమాస్తా నవ్వాడట: "చేరింది ఒకదాంట్ల, పాసైంది ఇంకోదాంట్లనా?" పేరు మారిన ఉత్తర్వు కాపీ తెమ్మని మూడు నెలలు తిప్పాడు. బాపు ఇప్పటికీ అంటాడు: "పేరు మార్చింది సర్కారు. రుజువు మాత్రం నేను తేవాల్నా బిడ్డా?"

పేరు చిన్న విషయమనే మిత్రులు మరాఠ్వాడా వైపు చూడాలి. 1958లో ఔరంగాబాద్‌లో మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి ముందే, 1950లో, అంబేద్కర్ స్థాపించిన సొసైటీ అదే ఊళ్లో కాలేజీ పెట్టింది. 1978 జూలైలో యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టాలని శాసనసభ తీర్మానించగానే దళితవాడలు తగలబడ్డాయి. పోచిరాం కాంబ్లేను చంపేశారు. నామాంతర్ ఉద్యమం పదహారేళ్లు నడిచింది. 1994 జనవరి 14న పేరు మారింది. అదీ 'మరాఠ్వాడా'ను తీయకుండా, దాని ముందు బాబాసాహెబ్ పేరు చేర్చి.

ఉస్మానియా ముద్రలోకి సంస్కృత వాక్యం వచ్చింది. దానికోసం ఎవరూ గుడిసెలు తగలబెట్టలేదు. ముద్రలు, పేర్లు మారడం ఈ సమాజానికి కష్టం కాదు. ఎవరి పేరు వస్తుందన్నదే కష్టం.

ఇక నా తప్పు. పీహెచ్‌డీ చేసేటప్పుడు హాస్టల్లో ఎవరైనా అడిగితే "మా బాపుది ఓపెన్ డిగ్రీ" అనేవాణ్ని. నోరు తిరగక కాదు. ఆ పేరు చెబితే నా కులం తెలుస్తుందని. అక్కడ ప్రాణాలిచ్చి రాయించుకున్న పేరును ఇక్కడ నేను భయపడి మింగేశాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గేటు మీద పేరుంటే సరిపోదు, లోపల మన పోస్టులు నిండాలి, ఫెలోషిప్పులు అందాలి. నిజమే. కానీ ఆ పేరును మన నోటితో మనమే తుడిచేస్తే, లోపలి హక్కు ఏ గొంతుతో అడుగుతాం?

బాపును ఎవరడిగినా పూర్తి పేరే చెబుతాడు. ఇక నుంచి నేనూ చెబుతాను.

జై భీమ్.