డైరీ చివరి పేజీలు

కొత్త డైరీ చేతికి రాగానే నేను ముందు తిప్పి చూసేది వెనక పేజీలే.

చిన్నప్పుడు అక్కడ ఎస్టీడీ కోడ్‌ల పట్టిక ఉండేది. హైదరాబాద్ 040, విజయవాడ 0866, విశాఖపట్నం 0891 అని అది చూసే బట్టీపట్టాను. ఎకరమంటే 100 సెంట్లు, 40 గుంటలు, 4,840 చదరపు గజాలు అని తెలిసిందీ ఆ కొలతల పేజీలోనే.

వాటి తర్వాత వచ్చే ఖాళీ పేజీలు నాన్నవి. గ్యాస్ కనెక్షన్ నంబరు, బీమా పాలసీల నంబర్లు, ప్రీమియం కట్టాల్సిన తేదీలు, ఇంట్లో అందరి బ్లడ్ గ్రూపులు, ఎవరికి ఎంత చేబదులిచ్చిందీ అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకునేవారు. ఆయన పోయాక ఏ కాగితం ఎక్కడుందో తెలియక కూర్చున్న మాకు దారి చూపినవి ఆ పేజీలే. ఆయన ఫోన్ తెరవడం మాకు చేతకాలేదు. డైరీ మాత్రం అమ్మ చేతిలో ఇట్టే తెరుచుకుంది.

మీ డైరీలోనూ వెనక ఒక పేజీ ఇందుకు కేటాయించండి. ఏటీఎం పిన్, పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో వద్దు. పాలసీలు, ఖాతాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాడే మందులేమిటో, అవసరానికి ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. రాశాక ఆ డైరీ ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.