మూడు కొండలూ, ఒక మాట

పిల్లలూ! ఇంగ్లండు దేశపు ఉత్తరభాగంలో యార్క్‌షైర్ అనే సీమ వున్నది. అక్కడ దగ్గర దగ్గరగా మూడు కొండలున్నాయి. పెనిగెంట్ ఎత్తు 694 మీటర్లు, వెర్న్‌సైడ్ 736 మీటర్లు, ఇంగిల్‌బరో 723 మీటర్లు. మన తిరుమల కొండకంటే ఇవి పొట్టివే. కాని ఈ మూడింటినీ ఒకే రోజున ఎక్కి దిగి, బయలుదేరిన చోటికి పన్నెండు గంటలలోగా చేరుకోవటం అక్కడివారికొక పందెం. నడక మొత్తం 24 మైళ్ళు, అంటే దాదాపు 38 కిలోమీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకు కాలినడకన వెళ్ళినవాళ్ళు మీలో వుండే వుంటారు. ఆ దారి సుమారు 9 కిలోమీటర్లు. దానికి నాలుగింతలు అనుకోండి!

ఈ నడకకు ఆద్యులెవరో తెలుసా? నావంటి బడిపంతుళ్ళే! గిగిల్స్‌విక్ అనే ఊరి బడిలో పనిచేసే ఇద్దరు ఉపాధ్యాయులు 1887లో ఇంగిల్‌బరో ఎక్కి, ఆవలి పల్లెలో టీ తాగుదామని బయలుదేరారు. టీ తాగాక వారికి ఉత్సాహం హెచ్చింది. మిగిలిన రెండు కొండలు కూడా ఎక్కేశారు. మొత్తం పది గంటలు పట్టిందట. వాళ్ళు సరదాకు నడిచారు. ఇప్పుడు ఏటా వేలమంది ఏదో ఒక ధర్మకార్యానికి చందాలు పోగుచేస్తూ నడుస్తున్నారు. ఇన్ని పాదాల కింద నేల కోసుకుపోకుండా, దారిలో చాలాచోట్ల రాతిపలకలు పరచవలసివచ్చింది.

మా అమ్మాయి ఆ సీమలోనే లీడ్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నది. 2023 వేసవిలో నేనక్కడ వుండగా, ఆమె, ఆమెతో పనిచేసే మరి ఐదుగురు కలిసి ఈ నడకకు పూనుకున్నారు. జబ్బుపడిన పసిపిల్లలను చూసుకునే ఒక సంస్థకు డబ్బు పోగుచేయాలని వారి సంకల్పం. "మేము మూడు కొండలు ఎక్కుతాం, మీకు తోచింది ఇవ్వండి," అని తెలిసినవారినల్లా అడిగారు.

మా మనుమడికి ఇది వింతగా తోచింది. "తాతయ్యా, అమ్మ కొండ ఎక్కితే వాళ్ళెందుకు డబ్బివ్వాలి? ఊరికే అడిగితే ఇవ్వరా?" అన్నాడు.

"ముందు వాళ్ళను నడవనీ, తరవాత చెబుతాను," అన్నాను.

ఆ రోజున వాళ్ళు తెల్లవారగానే బయలుదేరి, మొదట పెనిగెంట్ ఎక్కారు. నేనూ, మనుమడూ రిబుల్‌హెడ్ అనే చోట, 24 కమానుల పెద్ద రైలువంతెన దగ్గర, తిండీ టీ పెట్టుకుని కూర్చున్నాం. కింద బాగానే వున్నది గాని, కొండ పైకి పోయిన కొద్దీ ప్రతి 100 మీటర్లకూ సుమారు 0.6 డిగ్రీ చొప్పున వేడి తగ్గుతుంది. గాలి వీస్తే ఆ చలి రెట్టింపుగా తోస్తుంది.

వాళ్ళు వచ్చేసరికి, వారిలో పెద్దవాడైన ఒకాయన కుంటుతున్నాడు. కొండ ఎక్కేటప్పుడు కష్టమంతా ఊపిరిది. దిగేటప్పుడు కష్టం మోకాళ్ళది. ఒళ్ళు ముందుకు తూలిపోకుండా ప్రతి అడుగునా మోకాలే బరువును ఆపాలి. ఆయన మోకాలు అప్పటికే వాచింది.

ఆయన ఒక రాతిమీద కూలబడి, "నేనిక్కడ ఆగిపోతాను. మూడు కొండలని చెప్పి అందరి దగ్గరా డబ్బు తీసుకున్నానే!" అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"మేమెక్కితే మీరు ఎక్కినట్టే. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడొక కుర్రవాడు.

"నాకు తెలుస్తుంది," అన్నాడాయన.

మిగిలిన ఐదుగురూ నడక సాగించి, గడువులోపలే పూర్తిచేశారు. మర్నాడు ఆయన తనకు చందా ఇచ్చినవారందరికీ పేరుపేరునా ఉత్తరాలు రాశాడు. "నేను ఒక్క కొండే ఎక్కగలిగాను. మీ డబ్బు వాపసు కావాలంటే మొహమాటపడకుండా అడగండి," అన్నది అందులోని సంగతి. ఒక్కరైనా వాపసు అడగలేదు. పైగా ఇద్దరు ముగ్గురు మరికొంత కలిపి పంపారట.

మా అమ్మాయి ఈ కబురు చెప్పగానే నేను మనుమణ్ణి పిలిచి, "నీ ప్రశ్నకు జవాబు దొరికిందా?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "వాళ్ళు కొండకు ఇవ్వలేదు తాతయ్యా, ఆయనకు ఇచ్చారు," అన్నాడు.

నిజమే. అడిగేవాడు తానుకూడా కొంత కష్టానికి ఓర్చుకుంటే, అతని మాటకు బరువు వస్తుంది. ఆ కష్టం ఎంతవరకు పడ్డాడో ఉన్నదున్నట్టు చెబితే, ఆ బరువు నిలుస్తుంది. కాదని దాస్తే, మూడు కొండలెక్కినా మాట తేలిపోతుంది.

మీ ఊళ్ళో కొండ లేకపోయినా ఫరవాలేదు. తోటి విద్యార్థి పుస్తకాలకో, వరదబాధితులకో మీరు చందాలు పోగుచేసేటప్పుడు, మీవంతు పని ఒకటి పెట్టుకోండి. వచ్చిన ప్రతి రూపాయినీ ఒక పుస్తకంలో రాయండి. చేస్తానన్న పని చేయలేకపోతే, ఇతరులు అడగకముందే మీరే చెప్పండి. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడు చెయ్యి చాచినా, మీకు లేదనేవారు వుండరు.