మల్లిక్ బజారు నుండి ఘూమ్ దాకా

కోల్‌కతాలో పార్కు స్ట్రీటు, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు కలిసే కూడలి వద్ద మల్లిక్ బజారు ఉన్నది. మోటారు వాహనాల విడిభాగాలకు ఇది పేరెన్నికగన్న చోటు. ఇరుకైన దుకాణాల ముందు ఇరుసులు, గేరుపెట్టెలు, కమాను పట్టీలు గుట్టలుగా పడి ఉంటాయి. కొత్తవారి కంటికి అదంతా పాత ఇనుము. తన అంబాసిడరు కారును వదులుకోలేని యజమానికి మాత్రం అది వైద్యశాల.

ఆ కారు పుట్టిల్లు కూడా ఇక్కడికి దగ్గరే. హుగ్లీ నది పడమటి ఒడ్డున గల ఉత్తర్‌పారాలో, బ్రిటనుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను ఆధారం చేసుకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో దీని నిర్మాణం ప్రారంభించారు. 2014 మే నెలలో ఆ ఉత్పత్తి నిలిచిపోయింది. మంత్రులను, పెండ్లికొడుకులను, టాక్సీ ప్రయాణికులను సమానంగా మోసిన బండి అది.

దాని సస్పెన్షను నిర్మాణం సరళమైనది. ముందు చక్రాల పైని బరువును టార్షన్ బార్లనే రెండు పొడవాటి ఉక్కు కడ్డీలు మోస్తాయి. చక్రం గుంతలో పడి లేచినప్పుడు కడ్డీ మెలితిరిగి, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. వెనుక ఇరుసుకు ఆధారం జట్కా బండ్ల కాలంనాటి కమాను పట్టీలే. గుంతల రోడ్లకు ఈ ఏర్పాటు బాగా తగినది. కాని సుమారు 1.6 మీటర్ల ఎత్తుగల ఈ కారు మలుపులో సహజంగానే ఒక ప్రక్కకు ఒరుగుతుంది. ఏళ్ళు గడిచి రబ్బరు బుష్షులు అరిగి, షాక్ అబ్జార్బర్లలోని నూనె కారిపోతే ఆ ఒరుగుడు ఊగిసలాటగా మారుతుంది. స్టీరింగు త్రిప్పిన తరువాత కొంత ఆలస్యంగా గాని బండి మాట వినదు.

నగరంలో ఇది అసౌకర్యం, కొండదారిలో ప్రాణాపాయం. సిలిగుడి నుండి డార్జిలింగుకు పోయే హిల్ కార్ట్ రోడ్డు మీద సుక్నా అడవి దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. సుమారు 120 మీటర్ల ఎత్తులో బయలుదేరిన బండి ఘూమ్ చేరేసరికి 2,200 మీటర్లు దాటుతుంది. 1881లో డార్జిలింగు చేరిన చిన్నరైలు పట్టాలు దారి పొడవునా రోడ్డును అటూ ఇటూ దాటుతుంటాయి. పొగమంచుకు తడిసిన మలుపులో, లోయ ప్రక్కగా, చక్రం పట్టా మీదికి ఎక్కిన ఆ క్షణంలో కారు ఒరగకూడదు. చక్రం నేలను విడవకూడదు. వెనుక సీటులో వృద్ధులు, పిల్లలు ఉన్నప్పుడు ఈ రెండు షరతుల విలువ మరింత తెలుస్తుంది.

బజారులో నేను పలకరించిన ఒక వృద్ధ మిస్త్రీ, "దాదా, కొత్త సరుకు కొనేముందు పాతదానిలో ఏది అరిగిందో చూడండి" అన్నాడు. అతడు చెప్పిన వరుస ఇది. మొదట బుష్షులు మార్చాలి; అవి వదులైతే మిగిలిన ఖర్చంతా వృథా. తరువాత షాక్ అబ్జార్బర్లు. ఒక ఇరుసుకు రెండింటినీ కలిపే మార్చాలి. ఆపైన వంపు తగ్గిన కమాను పట్టీలను సరిచేయించి, టార్షన్ బార్లను రెండు ప్రక్కలా సమాన ఎత్తుకు బిగించాలి. చివరగా రేడియల్ టైర్లు, చక్రాల అలైన్‌మెంటు.

ఇంకా స్థిరత్వం కోరేవారు ముందు చక్రాలను కలుపుతూ యాంటీ రోల్ బార్ అనే అడ్డకడ్డీని అమర్చుకొంటారు. ఒక ప్రక్క క్రుంగితే అది రెండవ ప్రక్కను కూడా తనతో లాగి, ఒరుగుడును తగ్గిస్తుంది. అయితే మితి మీరరాదు. ముందు భాగం మరీ బిగుసుకొంటే కారు మలుపు తిరగక వెలుపలికి జారుతుంది. వెనుక అదనపు పట్టీ వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. మరీ క్రిందికి దింపితే రాళ్ళు తగులుతాయి. పైగా కారు మూల స్వరూపాన్ని మార్చే పనులకు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను అడ్డు చెబుతుంది.

పదిహేనేళ్ళు నిండిన టాక్సీలను తొలగించే నియమం వల్ల కోల్‌కతాలో పసుపుపచ్చ అంబాసిడర్లు ఏటేటా తగ్గుతున్నాయి. వాటితోపాటు బుష్షులు అమర్చే, పట్టీలు వంచే చేతులకు పని కూడా తగ్గుతున్నది. పాత కారులో కొండ ఎక్కదలచినవారు ఆ చేతులు ఉండగానే మల్లిక్ బజారుకు వెళ్ళి రావడం మంచిది.